201వ యూనిట్ దగ్గర చలికాలం

పటాన్‌చెరు పారిశ్రామిక పట్టీలోని బొంతపల్లిలో చలికాలం ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారు ముందుగా బజారుకు వెళ్లాల్సిన పని లేదు. ఇంట్లో ఎక్కడో మడిచి పెట్టిన పోయిన నెల కరెంటు బిల్లు తీసి చూస్తే చాలు. ఈ ప్రాంతంలో గదిని వేడి చేసుకోవడానికి డబ్బు పెట్టేవాళ్లు తక్కువ. హీటర్ కొన్నవాళ్లు కూడా నాలుగు రోజులు వాడి అటక మీద పెట్టేస్తారు. చలికాలంలో డబ్బు పోయేది స్నానాల గదిలో, వేడినీళ్ల రూపంలో. అందుకే ఈ అధ్యాయంలో దుప్పటి కంటే ముందు బకెట్ గురించి మాట్లాడుకుందాం.

రాష్ట్రంలో 2022లో సవరించిన టారిఫ్ ప్రకారం ఇళ్లకు నెలకు 200 యూనిట్ల లోపు వాడకం ఉంటే మొదటి 100 యూనిట్లకు 3 రూపాయల 40 పైసలు, తర్వాతి 100కు 4 రూపాయల 80 పైసల చొప్పున పడుతుంది. అంటే సరిగ్గా 200 కాలిస్తే కరెంటు చార్జీ 820 రూపాయలు. ఒక్క యూనిట్ ఎక్కువ కాలిందా, మొత్తం బిల్లు పై కేటగిరీలోకి వెళ్లిపోతుంది. అప్పుడు మొదటి 200 యూనిట్లకూ 5 రూపాయల 10 పైసలు, 201వ దానికి 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలన్నమాట. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం వీటికి అదనం.

2024 ఫిబ్రవరిలో మొదలైన గృహజ్యోతి పథకం వర్తించే ఇంటికైతే దెబ్బ ఇంకా పెద్దది. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. దాటితే బిల్లంతా కట్టాల్సిందే. ఎండాకాలంలో ఫ్యాన్లతో, కూలర్‌తో 200 దాటిందంటే అర్థం చేసుకోవచ్చు. చల్లగా ఉండే జనవరిలో, నీళ్లు కాచుకున్నందుకు జీరో బిల్లు పోగొట్టుకోవడం మాత్రం అన్యాయం. అది మన చేతిలో ఉన్న విషయం కాబట్టే అంతగా చెబుతున్నాను.

చేయాల్సింది చిన్న పని. బిల్లు తీసిన రోజున మీటరు రీడింగును క్యాలెండరు మీద రాసుకోండి. పదిహేనో రోజున మళ్లీ చూడండి. తేడా 100 దాటితే మిగిలిన సగం నెలలో సర్దుకోవడానికి ఇంకా టైం ఉంటుంది. బిల్లు చేతికొచ్చాక చూస్తే చేయగలిగేది ఏమీ ఉండదు.

బకెట్ లెక్క

ఇరవై లీటర్ల బకెట్‌ను తీసుకుందాం. పైన ట్యాంకులో రాత్రంతా ఉన్న నీళ్లు డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీల దాకా దిగిపోతాయి. వాటిని ఒంటికి హాయిగా ఉండే 40 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 0.6 యూనిట్ కావాలి. నలుగురున్న ఇంట్లో రోజుకు నాలుగు బకెట్లు. నెలకు 70 యూనిట్లు.

ఇప్పుడు బోరు నీళ్లు చూడండి. భూమి లోపల చలికాలం, ఎండాకాలం అనే తేడా పెద్దగా ఉండదు. అక్కడి నీరు ఏడాదంతా 25 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. పొద్దున్నే బోరు మోటారు వేసినప్పుడు ధారలోంచి పొగలు వస్తున్నట్టు కనిపించేది అందుకే. ఆ నీళ్లు ట్యాంకులోకి ఎక్కక ముందే బకెట్లో పట్టుకుంటే 25 నుంచి 40కి తెస్తే సరిపోతుంది. బకెట్‌కు 0.35 యూనిట్. నెలకు 42. ఒక్క రూపాయి పెట్టకుండా 28 యూనిట్లు మిగిలాయి. మోటారు వేసే టైం మార్చుకుంటే అయిపోయే పని ఇది.

పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల ఉన్నవారికి మాత్రం ఒక మాట. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు–బొల్లారంను చేర్చింది. ఈ పట్టీలో కొన్ని చోట్ల బోరు నీళ్లకు రంగు, వాసన ఉంటాయన్నది ఇక్కడివారికి కొత్త సంగతి కాదు. మీ బోరు అలాంటిదైతే పై లెక్క మీకు కాదు. ఒంటి మీద దద్దుర్లు తెచ్చుకుని 28 యూనిట్లు మిగిల్చుకోవద్దు.

ఇక రెండో వైపు. ఒక మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు. రెండు ఫ్యాన్లు రాత్రికి పది గంటల చొప్పున తిరిగితే నెలకు 45 యూనిట్లు. చలికాలంలో అవి ఆగిపోవాలి. ఆగితే, బోరు నీళ్లు వాడే ఇంట్లో ఆ 45 యూనిట్లతో నలుగురి వేడినీళ్ల ఖర్చు వెళ్లిపోతుంది, బిల్లు పెరగదు. కానీ మన దగ్గర ఫ్యాన్లు ఆగవు. దోమలు కుడతాయని నెత్తి మీద ఫ్యాన్ వేసుకుని, రెండు దుప్పట్లు కప్పుకుని పడుకునే ఇళ్లు ఎన్నో. దోమతెర కట్టండి. తెర లోపల గాలి కదలిక తగ్గి కాస్త వెచ్చగా కూడా ఉంటుంది. ఈ అధ్యాయం మొత్తంలో ఒక్క వస్తువే కొనగలిగితే దోమతెరే కొనమంటాను.

గీజర్ ఉన్నవాళ్లు రెండు విషయాలు చూసుకోండి. లోపలి థర్మోస్టాట్‌ను 60, 70లో పెట్టి, తర్వాత చన్నీళ్లు కలుపుకోవడం చాలా ఇళ్లలో అలవాటు. 50 చాలు. నీళ్లు ఎంత వేడిగా ఉంటే ట్యాంకు గోడల్లోంచి అంత వేడి బయటికి పోతుంది. కొత్తది కొంటుంటే స్టార్ లేబుల్ మీద ‘స్టాండింగ్ లాస్’ అనే అంకె రాసి ఉంటుంది. వాడకుండా ఊరికే ఆన్‌లో ఉంచినా రోజుకు ఎంత కరెంటు పోతుందో అది చెబుతుంది. ధర కంటే ముందు ఆ అంకె అడగండి. గ్యాస్ గీజర్ అయితే యూనిట్, సిలిండరు రెండూ స్నానాల గది బయటే ఉండాలి. తలుపు మూసిన చిన్న గదిలో అది కాల్చే గాలి, వదిలే వాయువు మనిషిని తలుపు దాకా కూడా రానివ్వవు.

హీటర్ రాడ్డు గురించి కాస్త వివరంగా చెప్పాలి. అద్దె గదుల్లో అందరి దగ్గరా ఉండేది అదే. 1,500 వాట్ల రాడ్డు 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. ఫోన్ చార్జింగ్ పెట్టుకునే చిన్న సాకెట్ 6 ఆంపియర్లకే తయారైంది. అందుకే ఆ ప్లగ్గు నల్లబడి, ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది. పెద్ద 16 ఆంపియర్ల సాకెట్ లేని గదిలో రాడ్డు వాడకండి, ఎక్స్‌టెన్షన్ బోర్డుతో అసలే వద్దు. ముందు రాడ్డు నీళ్లలో పెట్టి తర్వాత స్విచ్ వేయాలి. స్విచ్ కట్టేసి, ప్లగ్గు పీకి, ఆ తర్వాతే నీళ్లలో వేలు పెట్టాలి. ఈ వరుస ఇంట్లో పిల్లలకు కూడా రావాలి. స్టీలు బకెట్ వద్దు. ఎర్త్ సరిగా లేని పాత లైన్లలో బకెట్ అంచు తగిలినా షాక్ కొడుతుంది.

షిఫ్టును బట్టి స్నానం

పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి మారే షిఫ్టులతో నడిచే ఊరికి ‘పొద్దున్నే స్నానం’ అనే సలహా పనికిరాదు. మీ స్నానం మీ షిఫ్టును బట్టి ఉండాలి.

మొదటి షిఫ్టు నుంచి మధ్యాహ్నం వచ్చేవారికి వేడినీళ్లు ఉచితం. డాబా మీది నల్ల ట్యాంకు నీళ్లు, ఎండలో పడి ఉన్న నల్ల పైపులోని నీళ్లు మూడింటికి గోరువెచ్చగా ఉంటాయి. పొద్దున ఐదింటికి చేసే స్నానాన్ని మధ్యాహ్నానికి మార్చుకుంటే కరెంటూ మిగులుతుంది, తడి తలతో బండెక్కే బాధా తప్పుతుంది. రెండో షిఫ్టు వారు బయలుదేరే ముందు, ఒంటిగంట ప్రాంతంలో కానివ్వవచ్చు.

కష్టమల్లా రాత్రి షిఫ్టు వారిదే. పొద్దున ఆరింటికి దిగి ఇంటికొచ్చేసరికి రోజులోకెల్లా చలి ఎక్కువగా ఉండే టైం. రసాయనాల మధ్య పనిచేసినవారు స్నానం చేయకుండా పిల్లల పక్కన పడుకోకూడదు. బట్టలు కూడా విడిగా ఉతకాలి. కాబట్టి ఇంట్లో వేడినీళ్ల అవసరం నిజంగా ఉన్నది వీరికి. సాయంత్రం నాలుగింటికి ట్యాంకులో వెచ్చబడ్డ నీళ్లను మూత ఉన్న క్యానులో పట్టి, గోనెసంచులూ పాత చెద్దరూ చుట్టి గది లోపల పెట్టండి. తెల్లారేసరికి ట్యాంకు నీళ్ల కంటే చాలా నయంగా ఉంటాయి. ఆ తర్వాత రాడ్డు పని సగమే.

ఆ క్యాను మాత్రం రసాయనం పోసిన పాత డ్రమ్ము కాకూడదు. ఈ పట్టీలో నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు చవకగా దొరుకుతాయి. అందులో ఏ సాల్వెంటు పోశారో అమ్మేవాడికీ తెలియదు. ప్లాస్టిక్ గోడ ఆ రసాయనాన్ని పీల్చుకుని ఉంటుంది. సబ్బు పెట్టి ఎన్నిసార్లు కడిగినా పోదు, వెచ్చటి నీళ్లు పోస్తే ఇంకా ఎక్కువగా దిగుతుంది. ఇనుప డ్రమ్ములది మరో ప్రమాదం. నీళ్లు కాచే పొయ్యి చేయించుకుందామని పాత డ్రమ్మును గ్యాస్ కట్టరుతో కోయిస్తారు. అడుగున మిగిలిన చుక్క ఆవిరై లోపలంతా నిండి ఉంటే నిప్పు తగలగానే పేలుతుంది. డ్రమ్ము ఖాళీగా కనిపించడం వేరు, ఖాళీగా ఉండటం వేరు.

గదిని వదిలేసి మనిషిని చూడండి

దక్కన్ పీఠభూమి మీద సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైనున్న నేల మనది. చలికాలంలో రాత్రి ఆకాశం మబ్బు లేకుండా ఉంటుంది, నేల పగలు తీసుకున్న వేడిని తొందరగా వదిలేస్తుంది. హైదరాబాద్ నగరం కంటే పటాన్‌చెరులో కనిష్ఠ ఉష్ణోగ్రత తక్కువగా నమోదు కావడం ఏటా చూస్తున్నదే. జిల్లాలో పడమటి దిక్కున ఉన్న కోహీర్ అయితే రాష్ట్రంలోనే అతి చల్లని చోట్లలో ఒకటిగా వార్తల్లోకి వస్తుంటుంది. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగి, అది మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు తక్కువైతే వాతావరణ శాఖ దాన్ని చలిగాలులు అంటుంది.

ఈ చలి స్లాబు ఇంటికి ఒకలా, రేకుల గదికి ఇంకోలా ఉంటుంది. స్లాబు పగటి ఎండను దాచుకుని రాత్రి కొంత సేపు ఇస్తుంది. రేకు దాచుకోదు. సూర్యుడు దిగిన గంటలో ఇనుప రేకు ఆకాశానికి ఎదురుగా చల్లబడిపోతుంది, తెల్లవారుజామున లోపలి వైపు తడి కూడా పడుతుంది. అలాంటి గదిలో 2,000 వాట్ల హీటర్ నాలుగు గంటలు వేస్తే 8 యూనిట్లు కాలి, ఆ వేడంతా రేకులోంచి పైకి పోతుంది. నెలకు 240 యూనిట్లు. గదికి పెట్టే ఆ ఖర్చు ఆపేసి, ఒంటికి, పడకకు పెట్టండి.

పడక కింద నుంచి మొదలుపెట్టాలి. షాబాద్ బండల మీదో, టైల్స్ మీదో పలచటి పరుపు వేసుకుని పడుకుంటే పైన ఎన్ని కప్పినా వేడి కిందికి దిగిపోతుంది. ఒంటి బరువుకు దూది అణిగిపోయి అందులో గాలి మిగలదు, వెచ్చదనం ఇచ్చేది ఆ గాలే. కిరాణా దుకాణంలో దొరికే అట్టపెట్టెలను విప్పి రెండు వరసలు పరచండి, దాని మీద చాప, ఆ పైన పరుపు. ఖర్చు దాదాపు సున్నా. పరుపు గట్టిపడి ఉంటే దూది ఏకించి మళ్లీ నింపించడం కొత్తది కొనడం కంటే చవక.

పైన కప్పుకోవడానికి పాత నూలు చీరలతో కుట్టిన బొంతను మించింది చవకలో లేదు. నాలుగైదు పొరలు, వాటి మధ్య గాలి. వారానికోసారి ఎండలో వేస్తే చాలు. చెమ్మగిల్లిన బొంత సగం వెచ్చదనం కూడా ఇవ్వదు.

గొంగడి సంగతి వేరు. దక్కనీ నల్ల గొర్రె ఉన్నితో, కురుమల చేతుల మీద వచ్చిన వస్త్రం అది. చేత్తో వడికి, గుంట మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టిస్తారు. గరుకుగా ఉంటుంది కాబట్టి ఒంటికి తగిలేలా కాకుండా బొంత మీద కప్పుకోవాలి. అసలైనదానికి ధర ఎక్కువే, కానీ ఏళ్లకేళ్లు నిలుస్తుంది. గొర్ల కాపరి వానలోనూ మంచులోనూ దాని కిందే రాత్రి గడిపాడంటే దాని పనితనం అర్థమవుతుంది. కొనేముందు ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. కరిగి గట్టి పూసలా ముడుచుకుంటే అది ప్లాస్టిక్ దారం. మెత్తటి పాలిస్టర్ బ్లాంకెట్లు కూడా వెచ్చగానే ఉంటాయి, నేనేమీ కాదనను. పొయ్యికి, అగరుబత్తికి దూరంగా ఉంచండి.

రేకుల కింద పాత చీరలో, తార్పాలినో అడుగు జాగా వదిలి అడ్డంగా కడితే రాత్రి తేడా తెలుస్తుంది. బల్బు, వైర్లు వాటికి తగలకుండా చూసుకోవాలి. చవక అని థర్మోకోల్ అంటించకండి, అది నిప్పును పట్టుకుంటే ఆగదు. సిమెంటు రేకులు ఆస్బెస్టాస్‌వి అయితే మేకులు కొట్టడం, కోయడం చేయకూడదు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

బండి మీద పొద్దున్నే షిఫ్టుకు పోయేవారికి ఒక్క లెక్క. 10 డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒంటికి తగిలే చలి 6 డిగ్రీలకు సమానం. స్వెట్టర్ గాలిని ఆపదు. దాని మీద పలచటి రెయిన్‌కోటు వేసుకుంటే ఆగుతుంది. అదీ లేకపోతే స్వెట్టర్ లోపల, ఛాతీ మీద ఒక దినపత్రిక. మెదక్ రోడ్డు మీద నర్సాపూర్ వైపు నుంచి వచ్చేవారికి అడవి పక్క చలి ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

తిండి గురించి పెద్దగా చెప్పేది లేదు. సజ్జ రొట్టె, నువ్వులు, ఉలవచారు ఈ కాలానికే పుట్టాయి, రాత్రి భోజనం వేడిగా పడితే నిద్ర పడుతుంది. గ్యాస్ మిగలాలంటే అన్నం ఉడుకు పట్టాక ఏడెనిమిది నిమిషాలకు దించి, గట్టిగా మూత పెట్టి, వరిగడ్డి నింపిన గంపలో కప్పి పెట్టండి. మిగతా ఉడుకు తనంతట తనే పూర్తవుతుంది. షిఫ్టు నుంచి వచ్చేసరికి వేడిగానూ ఉంటుంది.

మంట, పొగ, కిటికీ

చలిమంట వేసుకోవడం నాకు ఇష్టమే. నలుగురు కూడతారు, మాటలు నడుస్తాయి. ఏం వేస్తున్నామన్నదే సమస్య. ఫ్యాక్టరీ గేటు బయట దొరికే ప్లాస్టిక్ సంచులు, డ్రమ్ము మూతలు, సాల్వెంటు తుడిచిన గుడ్డలు, టైరు ముక్కలు మంటలో వేయకూడదు. పీవీసీ కాలితే యాసిడ్ పొగ వస్తుంది. చెక్క ప్యాలెట్ దొరికితే దాని మీద ముద్ర చూడండి. ఇంగ్లిష్‌లో హెచ్‌టీ అనే అక్షరాలుంటే వేడితో శుద్ధి చేసిన చెక్క. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది. దాన్ని పొయ్యిలో పెట్టవద్దు. ముద్రే లేకపోతే అదీ వద్దు. కంది కట్టె, పత్తి కట్టె, తుమ్మ మొద్దు ఊళ్లలో ఉండనే ఉన్నాయి.

బొగ్గుల కుంపటి గదిలోకి తెచ్చి తలుపేసుకోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. గదిలో ఉన్నవాళ్లందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం, మత్తు మొదలైతే అది జలుబు కాదు. అందరినీ బయటి గాలిలోకి తెచ్చి 108కి ఫోన్ చేయండి.

కిటికీ దగ్గర మన ఊరి ఇబ్బంది వేరే ఊళ్లకు లేదు. చలి రాత్రుల్లో నేల మీది గాలి చల్లబడి బరువెక్కుతుంది, పైన వెచ్చటి పొర మూతలా కూర్చుంటుంది. చిమ్నీల పొగ, రసాయనాల వాసన పైకి పోలేక ఇళ్ల ఎత్తులోనే నిలిచిపోతాయి. అందుకే రాత్రి పన్నెండు దాటాక ఘాటు ఎక్కువ. కిటికీ తెరిస్తే ఆ వాసన, మూస్తే ఐదారుగురు పడుకున్న గదిలో ఉక్క, తడి, దగ్గు. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా తలుపులు, కిటికీలు బార్లా తెరవండి. ఈ కాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి దక్షిణపు కిటికీలోంచి ఎండ లోపలి దాకా వస్తుంది, పడక బట్టలు అక్కడే ఆరేయవచ్చు. ఎండ దిగకముందే మూసేయండి. రాత్రి, వాసన రాని వైపు ఒక సందు మాత్రం ఉంచండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి ‘సమీర్’ యాప్‌లో ఇక్రిశాట్, బొల్లారం, పాశమైలారం కేంద్రాల గాలి నాణ్యత కనిపిస్తుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారు ఉంటే పడుకునే ముందు ఒకసారి చూసుకోండి.

అద్దె గదుల మీటరు

చివరిగా, ఈ ఊళ్లో ఎక్కువమందికి వర్తించే సంగతి. బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవారూ, మన జిల్లాలవారూ వరసగా కట్టిన గదుల్లో ఉంటారు. ఆరు గదులకు కలిపి ఒకే మీటరు, గది గదికీ సబ్ మీటరు. ఒక్కో గది నెలకు 80 యూనిట్లే కాల్చినా కరెంటు సంస్థ దృష్టిలో అది 480 యూనిట్ల ఇల్లు. మొదటి 200కు 5 రూపాయల 10 పైసలు, తర్వాత 7.70, 9, 9.50 చొప్పున మొత్తం 3,450 రూపాయలు. యూనిట్‌కు ఏడు రూపాయల పైమాటే. అవే 80 యూనిట్లు గదికో సొంత మీటరు మీద కాలితే 50 దాకా రూపాయి 95 పైసలు, పైన 3 రూపాయల 10 పైసలు. గదికి 190 రూపాయల 50 పైసలు, ఆరింటికీ కలిపి 1,143. నెలకు 2,307 రూపాయల తేడా. పైగా సొంత మీటరు ఉంటే, అర్హత ఉన్న అద్దెకున్నవారికి కూడా గృహజ్యోతి వర్తిస్తుంది.

కనెక్షన్ కోసం దరఖాస్తు పెట్టాల్సింది ఇంటి ఓనరే, కట్టాల్సిన డిపాజిట్లూ ఉంటాయి. అందుకే ఒక్కరే వెళ్లి అడిగితే ‘చూద్దాం’ అంటారు. ఆరు గదులవాళ్లూ ఒక ఆదివారం కలిసి, మూడు నెలల బిల్లులు ముందు పెట్టి, పై లెక్క కాగితం మీద వేసి చూపించండి. డిపాజిట్ ఖర్చు అందరూ పంచుకుంటామని ముందే చెప్పండి. అదే రోజు గదుల్లో ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించి, మెయిన్ దగ్గర షాక్ కొట్టగానే కరెంటు కట్ చేసే బ్రేకర్ పెట్టించమని అడగండి. ఓనర్ కొత్త మీటర్లకు ఒప్పుకోకపోయినా ఈ రెండో పని మాత్రం వాయిదా వేయనివ్వకండి, రేపు పొద్దున కూడా ఆ గదుల్లో ఎవరో ఒకరు రాడ్డు పెట్టుకుంటారు.